థర్మల్ ప్రింటర్‌లో ఫొటో ముద్రణ: ముందు నలుపు కుదరాలి, తర్వాతే ఛాయలు

థర్మల్ ప్రింటర్‌తో ఫొటో ముద్రించేవారికి రెండు రకాల చెడిపోయిన బొమ్మలు తరచూ ఎదురవుతాయి. ఒకదానిలో ముఖం వెలవెలబోయి కళ్లూ పెదవులూ మాత్రమే మిగులుతాయి. రెండోదానిలో జుట్టు, నీడ, దుస్తులు అన్నీ కలిసి ఒకే నల్లటి ముద్దగా మారతాయి. మొదటిది చూసి డెన్సిటీ పెంచుతాం, రెండోది చూసి తగ్గిస్తాం. ఇలా పెంచుతూ తగ్గిస్తూ ఉంటే కాగితం అయిపోతుందే తప్ప బొమ్మ కుదరదు.

కారణం, ఇక్కడ ఉన్నవి రెండు వేర్వేరు పనులు. ఒక్కొక్క చుక్క ఎంత నల్లగా పడాలన్నది డెన్సిటీ. ఆ చుక్కలు ఎంత ఒత్తుగా, ఎంత పలుచగా పడాలన్నది ఛాయ. మొదటిదాన్ని ప్రింటర్‌లో సరిచేయాలి, రెండోదాన్ని కంప్యూటర్‌లో. డెన్సిటీని ఒకసారి కుదిర్చాక దాని జోలికి వెళ్లకూడదు. ఛాయలు ఎలా వచ్చినా, వాటిని సరిచేయడానికి డెన్సిటీ మీటను వాడకూడదు. ఈ ఒక్క నియమం పాటిస్తే మిగిలిన పని చాలావరకు తేలికవుతుంది.

రిబ్బన్ లేకుండా నేరుగా కాగితాన్ని వేడిచేసి ముద్రించే ప్రింటర్ల గురించే ప్రధానంగా చెబుతాను. రిబ్బన్‌తో పనిచేసేవాటి సంగతి చివర్లో క్లుప్తంగా వస్తుంది.

కాగితంపై ఏం జరుగుతుంది

థర్మల్ కాగితం పూతలో మూడు ముఖ్యమైన పదార్థాలు ఉంటాయి. మామూలు స్థితిలో రంగు లేని ల్యూకో డై, దానికి రంగు తెప్పించే ఆమ్ల గుణమున్న డెవలపర్, రెండూ త్వరగా కరగడానికి తోడ్పడే సెన్సిటైజర్. వేడి తగలగానే ఇవి కరిగి కలిసిపోతాయి, నలుపు పుడుతుంది. ఆ వేడిని అందించేది ప్రింట్ హెడ్‌లో వరుసగా పేర్చిన అతి చిన్న హీటర్లు. 203 డీపీఐ (అంగుళానికి 203 చుక్కల) హెడ్‌లో మిల్లీమీటరుకు ఎనిమిది ఉంటాయి. అంటే ఒక్కో చుక్క వెడల్పు 0.125 మిల్లీమీటర్లు. 58 మిల్లీమీటర్ల కాగితం వాడే ప్రింటర్లు సాధారణంగా 48 మిల్లీమీటర్ల వెడల్పున 384 చుక్కలు ముద్రిస్తాయి. 80 మిల్లీమీటర్ల కాగితం వాడేవి 72 మిల్లీమీటర్లలో 576 చుక్కలు ముద్రిస్తాయి.

వేడి పెరిగే కొద్దీ నలుపు సమానంగా పెరగదు. కొంతవరకు ఏమీ కనిపించదు, తర్వాత కొద్దిపాటి తేడాలోనే నలుపు ఒక్కసారిగా ఎక్కుతుంది, ఆపైన ఎంత వేడిచ్చినా అంతకంటే నల్లబడదు. మధ్యలో ఉన్న ఆ నిటారు భాగాన్ని నమ్ముకుని బూడిద ఛాయలు తీయాలనుకోవడం ప్రమాదం. గది చల్లగా ఉన్నా, బ్యాటరీ కొంచెం దిగినా, హెడ్ వేడెక్కినా అక్కడ ఛాయ మారిపోతుంది. పైగా సగం సగం నల్లబడిన చుక్కలే ముందుగా వెలిసిపోతాయి. కాబట్టి పడిన ప్రతి చుక్కా పూర్తిగా నల్లబడేలా చూసుకుని, ఛాయల భ్రమను చుక్కల అమరికతో తెప్పించడమే నిలకడైన పద్ధతి.

మొదటి పని: యంత్రం శుభ్రంగా, కరెంటు నిలకడగా ఉండాలి

ప్రింటర్ ఆపి, హెడ్ చల్లబడ్డాక, నూగు రాలని గుడ్డను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపి హెడ్ గీతను తుడవండి. పూర్తిగా ఆరాకే కాగితం పెట్టండి, ఎందుకంటే ఆల్కహాల్ తగిలితే పూత పాడవుతుంది. కాగితం కదిలే దిశలో పాలిపోయిన చార కనిపిస్తే అక్కడ మురికి పేరుకుందని అర్థం. తుడిచినా అదే చోట సన్నని తెల్లగీత మిగిలితే ఆ హీటర్ కాలిపోయినట్టే, దానికి ఏ సెట్టింగూ పనికిరాదు. బొమ్మ ఒక పక్కంతా పాలిపోతే రోలరు ఒత్తిడి రెండు వైపులా సమానంగా లేదని అనుమానించండి.

కాగితం ఏ వైపు పూత ఉందో తెలియకపోతే గోరుతో గట్టిగా గీయండి. నల్లగీత పడిన వైపే హెడ్‌కు తగలాలి.

కరెంటు సంగతి చాలామంది పట్టించుకోరు, అసలు గొడవ తరచుగా అక్కడే ఉంటుంది. హీటరుకు అందే శక్తి వోల్టేజి వర్గాన్ని (వోల్టేజిని దానితోనే గుణించిన విలువను) బట్టి మారుతుంది. 9 వోల్టులు ఇవ్వాల్సిన చోట 8.1 వోల్టులే అందితే వోల్టేజి తగ్గింది పది శాతమే, కానీ వేడి 19 శాతం తగ్గిపోతుంది. ఒకే వరుసలో ఎక్కువ చుక్కలు వెలగాల్సి వచ్చినప్పుడు అడాప్టర్ నీరసించి వోల్టేజి పడిపోతుంది. అందుకే బొమ్మలో వెడల్పాటి నల్లభాగాలే విచిత్రంగా పాలిపోయి కనిపిస్తాయి. ప్రింటర్ మాన్యువల్‌లో చెప్పినంత కరెంటును నిలకడగా ఇవ్వగల అడాప్టర్ వాడండి. బ్యాటరీ ప్రింటర్ అయితే పరీక్షలన్నీ ఛార్జింగ్ నిండుగా ఉన్నప్పుడే చేయండి.

రెండో పని: డెన్సిటీని పరీక్షా పటంతో కుదర్చడం

ఫొటో చూసి డెన్సిటీ నిర్ణయించకండి. కళ్లను మోసం చేయని పరీక్షా పటం ఒకటి తయారుచేసుకోండి. అందులో ఇవి ఉండాలి: రెండు సెంటీమీటర్ల చదరపు నల్లగడి, తెల్లనేలపై ఒక్క చుక్క వెడల్పున నల్లగీతలు, నల్లనేలపై ఒక్క చుక్క వెడల్పున తెల్లగీతలు, చదరంగం బల్లలా ఒక చుక్క నలుపు ఒక చుక్క తెలుపుగా అల్లిన గడి. గీతలను అడ్డంగానూ నిలువుగానూ పెట్టండి.

ముందు ఏదైనా ఒక పొడవాటి బొమ్మ ముద్రించి హెడ్‌ను వేడెక్కనివ్వండి. తర్వాత అతి తక్కువ డెన్సిటీ నుంచి ఒక్కో మెట్టు పెంచుతూ పటం ముద్రించండి. ప్రతిదాని పక్కన ఆ సంఖ్య రాసుకోండి. అన్నీ పక్కపక్కన పెట్టి మంచి వెలుతురులో చూడండి.

కింది మెట్లలో నల్లగడి గోధుమ వన్నెగానో, బూడిద చుక్కల మచ్చలతోనో ఉంటుంది. ఒక మెట్టు దగ్గర అది నిండు నలుపు అవుతుంది, ఆ తర్వాత పెంచినా నలుపులో తేడా రాదు. మరోవైపు, డెన్సిటీ పెరిగే కొద్దీ నల్లనేల మీది తెల్లగీతలు సన్నబడి చివరకు పూడిపోతాయి. ముందుగా పూడేవి కాగితం కదలికకు అడ్డంగా ఉన్న తెల్లగీతలు. నల్లవరుస ముద్రించిన వేడి హెడ్‌లో ఇంకా మిగిలి ఉండగానే తెల్లవరుస కిందికి రావడమే దీనికి కారణం. నల్లగడి నిండుగా ఉండి, అడ్డ తెల్లగీత ఇంకా తెరిచి ఉన్న మెట్టు మీకు కావలసింది. అలాంటివి రెండు మూడు ఉంటే అన్నిటికంటే తక్కువదాన్ని తీసుకోండి. అనవసరపు వేడి హెడ్ ఆయుష్షు తగ్గిస్తుంది. నల్లభాగాల్లో కరిగిన పూత హెడ్‌కు అతుక్కుని కాగితం టకటకమంటూ ఆగి ఆగి కదిలేలా కూడా చేస్తుంది.

నలుపు నిండే మెట్టుకు ముందే తెల్లగీత పూడిపోతోందా? అప్పుడు వేగం తగ్గించండి. నెమ్మదిగా నడిస్తే వరుసకూ వరుసకూ మధ్య హెడ్ చల్లబడటానికి సమయం దొరుకుతుంది. ఫొటోల విషయంలో నా సలహా ఎప్పుడూ ఇదే: వేగాన్ని వదులుకోండి, స్పష్టత దక్కుతుంది.

ఆదేశాలు నేరుగా పంపగలవారికి

సొంతంగా ప్రోగ్రామ్ రాసి ప్రింటర్‌ను నడిపేవారికి ఇంకొంచెం లోతైన పట్టు ఉంటుంది. ఈఎస్‌సీ/పీఓఎస్ ఆదేశాలు అర్థం చేసుకునే చిన్న ప్రింటర్లలో కొన్ని 'ఈఎస్‌సీ 7' అనే ఆదేశంతో మూడు సంఖ్యలు తీసుకుంటాయి. మొదటిది ఒకేసారి గరిష్ఠంగా ఎన్ని చుక్కలు వేడెక్కాలో చెబుతుంది, రెండోది ఎంతసేపు వేడెక్కాలో, మూడోది మధ్యలో ఎంత విరామమో. మాన్యువళ్లలో తరచుగా కనిపించే మొదటి విలువలు 7, 80, 2. అంటే ఒకేసారి 64 చుక్కలు, 800 మైక్రోసెకన్ల వేడి, 20 మైక్రోసెకన్ల విరామం.

దీన్నిబట్టి వేగం లెక్క మీరే వేసుకోవచ్చు. 384 చుక్కలూ వెలగాల్సిన వరుసకు 64 చొప్పున ఆరు విడతలు కావాలి. ఒక్కోటి 0.8 మిల్లీసెకన్లయితే వరుసకు దాదాపు 5 మిల్లీసెకన్లు, సెకనుకు సుమారు 200 వరుసలు, అంటే 25 మిల్లీమీటర్లు. చుక్కల సంఖ్య పెంచితే వేగం పెరుగుతుంది కానీ అడాప్టర్ మీద భారం పడి నల్లభాగాలు పాలిపోతాయి. వేడి సమయం పెంచితే నలుపు నిండుతుంది. విరామం పెంచితే గీతలు విడివిడిగా, శుభ్రంగా వస్తాయి. ఫొటోలకు మొదటి సంఖ్యను కదపకుండా రెండోదాన్ని కొద్దికొద్దిగా పెంచుతూ పైన చెప్పిన పరీక్షా పటమే మళ్లీ ముద్రించి చూడండి. లేబుల్ ప్రింటర్లలో ఈ మూడూ విడిగా కనిపించవు, డార్క్‌నెస్, వేగం అనే రెండు సెట్టింగులే ఉంటాయి. లేబుల్ ప్రింటర్లకు ఆదేశాలిచ్చే జెడ్‌పీఎల్ భాషలో డార్క్‌నెస్ 0 నుంచి 30 వరకు ఉంటుంది.

మూడో పని: ఛాయల పట్టీ

నలుపు కుదిరింది. ఇప్పుడు బూడిద ఛాయల సంగతి. కంప్యూటర్‌లో సగానికి సగం చుక్కలు పెట్టినంత మాత్రాన కాగితంపై సగం బూడిద రాదు. వేడి చుక్క అంచు దాటి పాకుతుంది కాబట్టి ప్రతి చుక్కా కొంచెం ఉబ్బుతుంది. పైగా తెరపై బూడిద విలువలు (0 అంటే నలుపు, 255 అంటే తెలుపు) వెలుగుకు సూటి నిష్పత్తిలో ఉండవు. 255లో సగమైన 128 అనే విలువ తెల్లదనంలో 22 శాతం వెలుగునే సూచిస్తుంది, సగం వెలుగు కావాలంటే విలువ 188 ఉండాలి. మొదటి దోషం బొమ్మను నల్లగా మారుస్తుంది, రెండోది లేతగా మారుస్తుంది. మీ కాగితం మీద ఏది గెలుస్తుందో ఊహించడం కుదరదు. ఎవరో చెప్పిన గామా సంఖ్యను (తెరపై విలువకూ వెలుగుకూ ఉన్న సంబంధాన్ని తెలిపే సంఖ్యను) తెచ్చి పెట్టుకోవడం అందుకే పనిచేయదు. కొలవడమే మార్గం, అదేమంత కష్టం కాదు.

పదకొండు గడుల పట్టీ తయారుచేయండి: సున్నా శాతం చుక్కలు, 10, 20, అలా 100 శాతం వరకు. మీరు ఫొటోకు ఏ పద్ధతిలో చుక్కలు చల్లబోతున్నారో అదే పద్ధతిలో ఈ గడులను నింపాలి, ఇది మరవకండి. పట్టీ ముద్రించి స్కానర్‌లో పెట్టండి. స్కానర్ సొంతంగా చేసే కాంట్రాస్ట్, రంగుల సవరణలన్నీ ఆపేయండి. ఒక్కో గడి సగటు విలువ రాసుకోండి. ఫొటో ఎడిటర్‌లో గడి మధ్యభాగాన్ని బాగా మసకబార్చి రంగు చూసే పనిముట్టుతో తాకితే ఆ సగటు తెలుస్తుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. తెల్ల కాగితం 245, నిండు నలుపు 85, సగం చుక్కల గడి 150 వచ్చాయనుకోండి. నలుపును సున్నాగా, తెలుపును 255గా సాగదీయాలి. 150 నుంచి 85 తీసేస్తే 65. 245 నుంచి 85 తీసేస్తే 160. 65ను 160తో భాగించి 255తో గుణిస్తే సుమారు 104. అంటే ఫొటోలో విలువ 104 ఉన్న చోట సగం చుక్కలు పెట్టాలి. సవరణ లేకుండా పంపి ఉంటే అక్కడ 59 శాతం చుక్కలు పడి బొమ్మ నల్లబడేది. అన్ని గడులకూ ఇలా లెక్కవేస్తే ఏ బూడిద విలువకు ఎన్ని చుక్కలో తెలిపే పట్టిక సిద్ధమవుతుంది. ఫొటో ఎడిటర్‌లోని కర్వ్స్ పనిముట్టులో ఈ బిందువులను గుర్తించి దాచుకోండి. మన ఉదాహరణలో 104 వద్ద ఉన్న బిందువును 128కి ఎత్తాలి. ఈ పద్ధతిలో చుక్కల ఉబ్బూ గామా తేడా రెండూ ఒకేసారి సర్దుకుంటాయి, విడిగా లెక్కలు అక్కర్లేదు.

స్కానర్ లేకపోతే? పట్టీని చేయి చాపినంత దూరంలో పట్టుకుని, కళ్లు సగం మూసి చూడండి. గడి గడికీ తేడా కనిపిస్తోందా, లేక చివరి మూడు నాలుగు గడులు ఒకే నలుపుగా కలిసిపోయాయా గమనించండి. కలిసిపోతే మధ్య ఛాయలను కొంచెం లేతగా చేసి మళ్లీ పట్టీ ముద్రించండి. కొలతంత కచ్చితం కాదు కానీ పని నడుస్తుంది.

నాలుగో పని: ఫొటోను సిద్ధం చేయడం

పనుల క్రమం ముఖ్యం. ముందు కత్తిరించండి, తర్వాత బూడిద రంగులోకి మార్చండి, ఆ తర్వాత వెడల్పును సరిగ్గా 384 లేదా 576 చుక్కలకు కుదించండి. చివరగా కాంట్రాస్ట్, పదును, కర్వ్. వీటన్నిటి తర్వాతే చుక్కలుగా మార్చాలి. చుక్కలుగా మార్చిన బొమ్మ పరిమాణాన్ని ఒక్క చుక్క కూడా మార్చకండి, అలల్లాంటి చారలు పుట్టుకొస్తాయి. దాన్ని జేపెగ్‌గా కాక పీఎన్‌జీగా దాచండి.

నేపథ్యం విషయంలో నిర్దాక్షిణ్యంగా ఉండండి. దాదాపు తెల్లగా ఉన్న గోడ, ఆకాశం వంటివాటిని పూర్తి తెలుపు చేసేయండి. లేదంటే అక్కడక్కడా పడే ఒంటరి చుక్కలు మురికిలా కనిపిస్తాయి. ముఖాల్లో మాత్రం తెలుపును పూర్తిగా ఎగరనివ్వకండి, నుదుటి మీద, చెంపల మీద కొద్దిగా బూడిద మిగలాలి. పదును తెరపై కాస్త అతిగా అనిపించేంత ఇవ్వండి, ముద్రణలో అది మామూలుగా కనిపిస్తుంది. బొమ్మతో పాటు అక్షరాలుంటే వాటిని చుక్కల ప్రక్రియకు దూరంగా ఉంచి, నేరుగా నలుపు తెలుపులుగా మార్చి తర్వాత అతికించండి.

అడ్డంగా ఉన్న ఫొటోను 90 డిగ్రీలు తిప్పి ముద్రిస్తే పొడవుకు హద్దు ఉండదు, వివరాలు ఎక్కువ నిలుస్తాయి.

ఐదో పని: చుక్కల పద్ధతి ఎంచుకోవడం

బూడిదను చుక్కలుగా మార్చే పనిని డిథరింగ్ అంటారు. ఎక్కువగా వాడేది 1976లో రాబర్ట్ ఫ్లాయిడ్, లూయిస్ స్టైన్‌బర్గ్ ప్రచురించిన పద్ధతి. ఒక చుక్క దగ్గర మిగిలిన తేడాను 16 భాగాలు చేసి 7, 3, 5, 1 చొప్పున పొరుగు చుక్కలకు పంచుతుంది. ముఖాలకు, మృదువైన నీడలకు బాగుంటుంది.

బిల్ అట్కిన్సన్ పద్ధతి ఆ తేడాలో ఎనిమిదింట ఆరు వంతులే ఆరు పొరుగు చుక్కలకు పంచి మిగిలింది వదిలేస్తుంది. దానివల్ల లేత భాగాలు తెల్లగా, నల్ల భాగాలు మరింత నల్లగా తేలి కాంట్రాస్ట్ పెరుగుతుంది. చుక్కలు ఉబ్బే థర్మల్ కాగితంపై మధ్య ఛాయలు తేటగా ఉండటానికి ఇది బాగా నప్పుతుంది. చిన్న బొమ్మలకు, గీతలు ఎక్కువున్న ఫొటోలకు నేను ముందు దీన్నే ప్రయత్నిస్తాను. నీడల్లో వివరం ముఖ్యమైతే మాత్రం ఫ్లాయిడ్-స్టైన్‌బర్గ్ వైపే వెళ్లండి.

1973లో బ్రైస్ బేయర్ చెప్పిన క్రమబద్ధమైన అల్లికలో 4×4 గడికి 17 ఛాయలు, 8×8 గడికి 65 ఛాయలు వస్తాయి. అల్లిక కంటికి తెలుస్తుంది కానీ ఫలితం ఎప్పుడూ ఒకేలా ఉంటుంది.

ఇంకో సంగతి. చుట్టూ చల్లని హీటర్లున్న ఒంటరి చుక్క, గుంపులోని చుక్కంత నల్లగా పడదు. కొన్ని ప్రింటర్లలో లేత ఛాయలు పూర్తిగా మాయమవడానికి ఇదే కారణం. అలాంటప్పుడు చుక్కలను గుంపులుగా పెంచే హాఫ్‌టోన్ వాడండి. 203 డీపీఐలో 4×4 గడి పెడితే అంగుళానికి 50 గీతల హాఫ్‌టోన్ వస్తుంది. కాస్త మొరటుగా కనిపించినా లేత ఛాయలు నిలబడతాయి. పద్ధతి మార్చిన ప్రతిసారీ ఛాయల పట్టీ కొత్తగా ముద్రించాల్సిందే.

ఆరో పని: పంపేటప్పుడు

ఫోను యాప్ ద్వారా పంపుతుంటే అది మీ బొమ్మను మళ్లీ కుదించి మళ్లీ చుక్కలుగా మారుస్తుందేమో చూసుకోండి. చదరంగపు గడిని పంపి ముద్రణను భూతద్దంతో చూస్తే తెలిసిపోతుంది. గడులు చెదిరితే ఆ యాప్‌లో సొంత సవరణలు ఆపే వీలుందో లేదో వెతకండి.

బొమ్మలో అడ్డంగా సన్నని తెల్లచారలు, వాటి పక్కనే ముదురు చారలు కనిపిస్తే తప్పు ఛాయలది కాదు, సమాచారం ఆలస్యంగా అందడం వల్ల ప్రింటర్ ఆగి ఆగి నడుస్తోంది. 384 చుక్కల వరుసకు 48 బైట్లు కావాలి. సీరియల్ తీగలో బైటుకు 10 బిట్ల చొప్పున 480 బిట్లు. 9600 బాడ్ (సెకనుకు 9600 బిట్ల) వేగంలో సెకనుకు 20 వరుసలే చేరతాయి, అంటే రెండున్నర మిల్లీమీటర్లు. 115200కి మారిస్తే 240 వరుసలు చేరతాయి. వేగం పెంచే వీలు లేకపోతే ముద్రణ వేగాన్నే సమాచారం అందే వేగానికి తగ్గించండి.

పొడవాటి బొమ్మల్లో పై భాగం కంటే కింది భాగం నల్లగా వస్తుంటే హెడ్ క్రమంగా వేడెక్కుతోందని అర్థం. ప్రింటర్ లోపల ఉష్ణోగ్రతను కొలిచి సర్దే ఏర్పాటు ఉంటుంది కానీ ఫొటోలకు అది ఒక్కోసారి చాలదు. వరుసల మధ్య విరామం పెంచండి, లేదా కింది భాగాన్ని కంప్యూటర్‌లో కొద్దిగా లేత చేయండి.

రిబ్బన్‌తో ముద్రించేవి

మైనం లేదా రెసిన్ రిబ్బన్ వాడే థర్మల్ ట్రాన్స్‌ఫర్ ప్రింటర్లలోనూ చుక్క ఉంటుంది లేదా ఉండదు, కాబట్టి పైన చెప్పిన పనులన్నీ వర్తిస్తాయి. రెసిన్ రిబ్బన్‌కు మైనం కంటే ఎక్కువ వేడి కావాలి. రిబ్బన్ మార్చితే డెన్సిటీ పరీక్ష మళ్లీ చేయాలి. డై సబ్లిమేషన్ ఫొటో ప్రింటర్ల సంగతి వేరు. వాటిలో వేడిని బట్టి రంగు ఎంత దిగాలో నిజంగానే మారుతుంది, ఒక్కో రంగుకు 256 మెట్ల వరకు ఛాయలు వస్తాయి. వాటికి పంపే బొమ్మకు డిథరింగ్ చేయకూడదు.

ముద్రించాక

ఇంత శ్రమపడి తెచ్చిన ఛాయలను ఎండ, వేడి, నూనె చేతులు, పీవీసీ కవర్లు పాడుచేస్తాయి. వేడి లామినేషన్ చేస్తే బొమ్మంతా నల్లబడుతుంది. పైన రక్షణ పూత ఉన్న కాగితం దొరికితే ఫొటోలకు అదే వాడండి, ముద్రణను కాగితపు కవరులో చీకటి చోట ఉంచండి. మీ ఛాయల పట్టీ కూడా కొన్నాళ్లకు వెలిసిపోతుంది కనుక స్కాన్ చేసిన ప్రతిని కంప్యూటర్‌లో ఉంచుకోండి. పట్టీ వెనుక కాగితం రకం, డెన్సిటీ, వేగం, డిథరింగ్ పద్ధతి పెన్సిల్‌తో రాయండి. వేరే కాగితం పెట్టిన రోజున, కాగితం సున్నితత్వం మారి ఉంటుంది కాబట్టి, డెన్సిటీ పటం నుంచి మళ్లీ మొదలుపెట్టండి.